బొంతలు కుట్టడానికి ఏ మిషను తీసుకోవాలి?

పర్లాకిమిడి కోడలు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అత్తగారి ట్రంకుపెట్టెలో పద్నాలుగు నూలు చీరలున్నాయి. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ఏటా చలి మొదలవకముందే ఒక బొంత చేత్తో కుట్టేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద చీరలు పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇత్తడి చెంబులు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగేవారు. ఒక్కో బొంతకి నెల పైనే పట్టేది. ముందువైపు కుట్టు ఎలా ఉండేదో వెనకవైపూ అలాగే ఉండేది. నాకు ఆ చెయ్యి రాలేదు. పైగా వేళ్ల నొప్పులు, సూది అరగంట మించి పట్టలేను. అలాగని ఆ చీరలు స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నెలు తీసుకోవడానికి మనసు ఒప్పుకోదు.

మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డకి రెండు చిన్న బొంతలు, మా ఇంటికి రెండు పెద్దవి కుట్టాలని ఉంది.

ఇంట్లో నల్ల తొక్కుడు మిషనుంది, 1994లో నా పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చింది. జాకెట్లు, లంగాలు అన్నీ దాని మీదే కుట్టాను. మొన్న ధైర్యం చేసి రెండు చీరలు తీశాను. చీర పద్దెనిమిది అడుగులు కదా, మూడు మడతలు వేస్తే సరిగ్గా ఆరడుగుల బొంత. రెండు చీరలు కలిపితే ఆరు పొరలు. ముందు అడ్డంగా నాలుగు కుట్లు వేసుకుని, తర్వాత నిలువు కుట్లు మొదలుపెట్టాను. మొదటి వరస చివరికి వచ్చేసరికి పై చీర రెండు వేళ్ల మేర బయటికి జరిగిపోయింది. అడ్డకుట్టు దగ్గరికొచ్చిన ప్రతిచోటా పై పొర చిన్న మడత పడి కుట్టులో ఇరుక్కుంది. రెండు సాయంత్రాలు కూర్చుని బ్లేడుతో విప్పాను. ఒకచోట చీర కూడా చిరిగింది. ఆవిడ పండగలకి కట్టే పొందూరు ఖద్దరు చీర అది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

బజార్లో ఒక షాపులో అడిగితే ఎంబ్రాయిడరీ మిషను చూపించి ఎన్ని డిజైన్లు వస్తాయో చెప్పారు. నాకు డిజైన్లు వద్దు, తిన్నగా పోయే కుట్టు చాలు. పాతపట్నంలో ఇంకొకాయన బట్టల ఫ్యాక్టరీలో వాడే మిషను తీసుకోమన్నారు. అది పెట్టడానికి మా ఇంట్లో చోటు లేదు. నేను పెట్టగలిగింది పదిహేను వేలు. ఏది కొనమంటారు? బొంతలు మిషను మీద కుట్టినవాళ్లు చెబితే బాగుంటుంది.

బరంపురం మెకానిక్:

అమ్మా, బరంపురంలో ఇరవై రెండేళ్లుగా మిషన్లు బాగుచేస్తున్నాను. ఆ పదిహేను వేలు అప్పుడే తియ్యకండి. మీరు చెప్పిన జబ్బు పాత మిషనుది కాదు. కొత్తది కొన్నా అదే వస్తుంది.

సంగతేటంటే, సూది కింద రేకులో పళ్లున్నాయి చూడండి, అవి అడుగు పొరనే పట్టి వెనక్కి లాగుతాయి. పైన ఫుట్, అంటే బట్ట మీద ఆనే పాదం, ఊరికే నొక్కి ఉంచుతుంది. రెండు పొరలైతే ఒకదాన్నొకటి పట్టుకుని కలిసి పోతాయి. ఆరు పొరలు, అందులోనూ కట్టి కట్టి నున్నబడ్డ చీరలైతే పైది వెనకబడుతుంది. ఒక్కో కుట్టుకి వెంట్రుకవాసే. కానీ అంగుళానికి ఏడెనిమిది కుట్ల లెక్కన ఆరడుగుల వరసలో ఐదువందల పైన పడతాయి. ఆ తేడా అంతా పోగై చివర్లో రెండు వేళ్లయింది.

దీనికి వాకింగ్ ఫుట్ అని దొరుకుతుంది. దానికి పైన కూడా పళ్లుంటాయి. పక్కనున్న చిన్న చెయ్యి, సూదిని బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూదితో పాటు అది లేస్తూ దిగుతూ ఉంటే పై పళ్లు కూడా కింది పళ్లతో కలిసి బట్టని జరుపుతాయి. ఫుట్‌ని మిషనుకి బిగించే భాగాన్ని కాడ అంటాం, నల్ల మిషన్లలో ఎక్కువ వాటికి పొట్టి కాడ ఫుట్ పడుతుంది. అయినా మీ ఫుట్ విప్పి షాపుకి పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి కొనండి. కొత్త మిషను ధరతో పోలిస్తే అది ఎంతో కాదు.

అది బిగించాక తల మీద, ఫుట్ కడ్డీ పైనున్న స్క్రూని కొంచెం వదులు చెయ్యండి. జాకెట్టుకి సరిపోయే నొక్కుడు బొంతకి ఎక్కువ. కుట్టు పొడుగు పెంచండి. సూది 16 నంబరు, బొంతకొకటి కొత్తది వెయ్యండి. పరిచాక జానెడు దూరానికొకటి చేత్తో కచ్చా కుట్లు వేసుకోండి. ఈ పని మాత్రం తప్పదమ్మా, ఎంత ఖరీదైన మిషను కొన్నా తప్పదు. కుట్టడం మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావాలి.

చోటు సంగతీ చెబుతాను. సూదికీ, మిషను స్తంభానికీ మధ్య ఉండే ఖాళీని మేము చంక అంటాం. బొంత చుట్ట అందులోంచే పోవాలి. చీర పన్నా నలభై ఐదు అంగుళాలనుకుంటే, మధ్య నుంచి కుట్టినప్పుడు చంకలోకి వెళ్లేది దాంట్లో సగమే. ఆరు పొరల నూలు చీరలు గట్టిగా చుడితే మూడంగుళాల లావు దాటదు. ఇంటి మిషను చంక ఆరంగుళాల పైనే ఉంటుంది, హాయిగా దూరుతుంది. దూది పెట్టిన రజాయి అయితే వేరే కథ. అప్పుడు పదంగుళాలు దాటిన చంక, మోకాలితో నొక్కితే 13 మిల్లీమీటర్ల దాకా లేచే ఫుట్ కావాలి. అవి ఎక్కువగా ఫ్యాక్టరీ మిషన్లకే ఉంటాయి. దాని బల్ల నాలుగడుగులు, సూదులు కూడా వేరే, కాడ గుండ్రంగా ఉంటుంది. నాలుగు బొంతల కోసం అంత పని అక్కర్లేదు.

ఒక్కటి అడుగుతాను. మిషనుకి ఏ నూనె వేస్తున్నారు?

రాయగడ టైలరమ్మ:

అక్కా, నేను పిల్లల రజాయిలు కుట్టి అమ్ముతాను, లోపల వ్యాడింగ్, అంటే మెత్తటి దూదిలాంటి పొర పెట్టి. అన్న చెప్పింది నిజమే. కానీ మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా చూసుకోండి. అంగుళానికొక వరస వేస్తే నలభై ఐదు వరసలు, ఒక్కోటి ఆరడుగులు. అంటే 270 అడుగుల కుట్టు. తొక్కి తొక్కి కాళ్లు పడిపోతాయి. నేను తొక్కుడు మిషను వదిలేసింది అందుకే.

ఎప్పటికైనా కొత్తది కొంటే మాత్రం పళ్లు కిందికి దించే మీట ఉన్నది చూడండి. పళ్లు దించేసి, రఫ్ఫు పనికి వాడే డార్నింగ్ ఫుట్ పెట్టుకుంటే బొంతని చేత్తో ఎటు కావాలంటే అటు తిప్పుతూ పువ్వులు, తీగలు కుట్టొచ్చు. కొన్నింటికి మీట బదులు పళ్ల మీద కప్పే ప్లేటు ఇస్తారు, అదీ పనికొస్తుంది. చెయ్యి కుదరడానికి నాకు మూడు నెలలు పట్టింది, నిజం చెబుతున్నాను.

షాపులో వాళ్లిచ్చే గంజి పెట్టిన గుడ్డ ముక్క మీద కుట్టి చూసి మురిసిపోకండి. ఆ ముక్క మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. మీ పాత చీర చింపులు ఆరు పొరలు మడిచి సంచిలో వేసుకెళ్లి, వాటి మీద కుట్టి చూపించమనండి. నేను అలాగే మూడు షాపులు తిరిగాను.

బిడ్డ బొంతకి నాలుగు పొరలు చాలు. పాలియెస్టర్ కలిసిన చీర ఒక్కటి కూడా మధ్యలో పెట్టకండి. ఉతికితే నూలు కుంచించుకుంటుంది, అది కుంచించుకోదు, బొంతంతా ముడతలు తేలుతుంది. చీర కొస నుంచి ఒక్క పోగు వెలిగించి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ ఉండకడుతుంది.

పర్లాకిమిడి కోడలు:

బాబూ, కొబ్బరి నూనె వేస్తున్నాను. ఇన్నేళ్లుగా అదే. తప్పా?

బరంపురం మెకానిక్:

తప్పేనమ్మా. కొబ్బరి నూనె అయినా ఆవనూనె అయినా లోపల జిగురులా గడ్డకడుతుంది, అందుకే తొక్కుడు బరువవుతుంది. దారం తీసేసి, నూనె రంధ్రాలన్నిట్లో కిరోసిన్ రెండేసి చుక్కలు వేసి కాసేపు ఊరికే తొక్కండి. కారిన మురికి గుడ్డతో తుడిచి, మర్నాడు మిషను నూనె వెయ్యండి. టైలరమ్మ అన్నట్టు కాళ్లకి కష్టమైతే అదే మిషనుకి వెనకాల చిన్న మోటారు బిగించుకోవచ్చు, 1/12 హార్స్ పవర్‌ది. ఆరు పొరల మీద మొదటి కుట్టుకి కొంచెం మొరాయిస్తుంది. చక్రం మీద చెయ్యి వేసి సాయం పడితే అందుకుంటుంది.

పర్లాకిమిడి కోడలు:

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. కిరోసిన్ వేసి తొక్కితే టీ డికాషన్ లాంటిది కారింది. ఇప్పుడు చక్రం వేలితో తోస్తే తిరుగుతోంది. వాకింగ్ ఫుట్ మా మేనల్లుడు విశాఖ నుంచి గుణుపురం బండిలో వస్తూ తెచ్చాడు. నా ఫుట్ ఫోటో పంపాను, సరిపోయింది.

ముందు బిడ్డ బొంత, నాలుగు పొరలు. మూడు రోజుల్లో అయిపోయింది. పై పొర ఒక గింజంత కూడా జరగలేదు. వెనక్కి తిప్పి వేలితో ఒక్కో వరసా తడుముతూ చూశాను, ఎక్కడా మడత లేదు. మంచాన్ని మిషను ఎడమవైపుకి లాగి బొంత బరువు దాని మీద ఆన్చాను, లేకపోతే కిందికి లాగేస్తోంది.

పెద్ద బొంత దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. పైన సంబల్‌పురి చీర పెట్టాను. ఆరు పొరల అంచులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అక్కడ రెండు సూదులు విరిగాయి. ఏటి చెయ్యమంటారు?

బరంపురం మెకానిక్:

కచ్చా కుట్లు ఆ పక్క విప్పి, ఒక్కో పొరా బొటనవేలు వెడల్పు లోపలికి జరిపి మెట్లు మెట్లుగా పరవండి. అప్పుడు అంచులన్నీ ఒకేచోట పడవు. సూది 18 వెయ్యండి. అంచు వచ్చినప్పుడు తొక్కడం ఆపి, చక్రం చేత్తో తిప్పండి. విరిగిన సూది ముక్కలు రెండూ దొరికాయా? పసిబిడ్డ ఉండబోయే ఇల్లు, బొంతలో ఇరుక్కోలేదని అయస్కాంతం పెట్టి చూసుకోండమ్మా.

పర్లాకిమిడి కోడలు:

ఒకటి దొరికింది. రెండోది పొద్దున్న వెతుకుతాను, ఇప్పుడు కరెంటు లేదు.