ప్రొఫెసర్ "కమిటీలో చేరు" అన్నారు, ఎలా చేరాలి?

బెళ్ళందూరు నుంచి, ప్రస్తుతం వర్జీనియా:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ కోసం వచ్చి రెండు వారాలైంది. సబ్జెక్టు ట్రాఫిక్ ఇంజనీరింగ్. మొదటిసారి కలిసినప్పుడే మా ప్రొఫెసర్ "టీఆర్‌బీలో ఏదైనా కమిటీలో చేరు" అని వెళ్ళిపోయారు. అదేదో ఇక్కడి రవాణా పరిశోధన సంస్థట. చూస్తే బోలెడు కమిటీలు, ఒక్కోదానికీ ఒక కోడ్. ఫీజు కట్టాలా? పరీక్ష ఏమైనా ఉంటుందా? తెలిసినవాళ్ళుంటేగానీ రానివ్వరా? ఇక్కడ ఎవరినైనా అడగడానికి మొహమాటంగా ఉంది.

జయనగర్:
టెన్షన్ పడకమ్మా. నేను అక్కడ తొమ్మిదేళ్ళు ఉండి వచ్చాను, అందులో మూడేళ్ళు ఒక కమిటీ మెంబర్‌ని. ఫీజు లేదు, పరీక్షా లేదు. మూడో ప్రశ్నకు జవాబు కాస్త పొడుగు.

మన అపార్ట్‌మెంట్ వినాయక చవితి కమిటీ గుర్తుందా? మొదటి ఏడు కుర్చీలు మోసినవాడికి రెండో ఏడు చందా పుస్తకం చేతికొస్తుంది, మూడో ఏడు వద్దన్నా సెక్రటరీని చేస్తారు. అక్కడా అంతే, లడ్డూ వేలం ఒక్కటే ఉండదు.

టీఆర్‌బీ అంటే ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు. 1920లో హైవే పరిశోధన కోసం మొదలైంది, ఇప్పటి పేరు 1974లో వచ్చింది. నువ్వు ఎంటెక్‌లో గీసిన గ్రీన్‌షీల్డ్స్ వేగం-సాంద్రత గీత (రోడ్డు మీద వాహనాలు కిక్కిరిసేకొద్దీ వేగం ఎలా తగ్గుతుందో చూపేది) 1935లో అచ్చయింది వీళ్ళ ప్రొసీడింగ్స్‌లోనే. జీతం తీసుకునే సిబ్బంది ఉన్నారు గానీ, జనవరిలో వాషింగ్టన్‌లో జరిగే సభకు వచ్చిన పేపర్లు చదివించడం, సెషన్లు పెట్టడం, ఇంకా ఏ విషయం మీద పరిశోధన కావాలో రాసి పెట్టడం అంతా స్టాండింగ్ కమిటీల్లోని వాలంటీర్ల పని. ప్రభుత్వానికి సలహా నివేదికలు రాసే స్టడీ కమిటీలు వేరు. వాటికి మనుషుల్ని వాళ్ళే ఏరుకుంటారు. హైవే పరిశోధన ప్రాజెక్టులను చూసుకునే ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ ప్యానెళ్ళు ఇంకో రకం. మీ ప్రొఫెసర్ చెప్పింది స్టాండింగ్ కమిటీ గురించే.

అందులో మెంబర్లు కొద్దిమందే, ఫ్రెండ్స్ ఎంతమందైనా. ఫ్రెండ్ అవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, అకౌంట్ తెరిచి కమిటీని ఎంచుకుంటే చాలు. మెంబర్ల పేర్లు ఛైర్ పంపితే బోర్డు వాళ్ళు ఖాయం చేస్తారు, ఒక్కో విడత మూడేళ్ళు. 35 దాటనివాళ్ళకు యంగ్ మెంబర్ అని విడిగా చోటుంది. దాని మీద ఇప్పుడే కన్నెయ్యకు.

నా సంగతి చెప్తాను, నవ్వుకో. మొదటి సమావేశానికి ముందుగా వెళ్ళి, మధ్యలో ఉన్న పెద్ద టేబుల్ దగ్గర దర్జాగా కూర్చున్నాను. అది మెంబర్లది, ఫ్రెండ్స్‌కి గోడ వారగా కుర్చీలు. ఎవరూ లెమ్మనలేదు గానీ పరిచయాలు నా దాకా వచ్చేసరికి సంగతి నాకే అర్థమైంది. అంతకంటే పెద్ద తప్పు, ఐదు పేపర్లు రివ్యూ చేస్తానని ఒప్పుకుని రెండే పంపడం. మరుసటి ఏడు నాకు ఒక్క పేపరూ రాలేదు. మళ్ళీ నమ్మకం తెచ్చుకోవడానికి రెండేళ్ళు మీటింగ్ నోట్స్ రాశాను.

నువ్వు పట్టుకోవాల్సింది ఈ రివ్యూలనే. పేపర్లకు గడువు ఆగస్టు 1, అంటే ఇప్పుడు రివ్యూ కోఆర్డినేటర్లు మనుషుల కోసం వెతుక్కుంటూ ఉంటారు. ట్రాఫిక్ ఫ్లో థియరీ కమిటీ, ఏసీపీ50, నీకు సరిపోతుంది. (పాత పేపర్లలో ఏహెచ్‌బీ45 అని కనిపిస్తే కంగారుపడకు, రెండూ ఒకటే. 2020లో కోడ్‌లు మార్చారు.)

పైగా నీ దగ్గర వాళ్ళకు లేనిది ఒకటుంది. ఒకసారి మనవైపు జంక్షన్ మీద పేపరొస్తే ఇంకో రివ్యూయర్ "వాహనాలు లేన్ ప్రకారం ఎందుకు లేవు? డేటా తప్పేమో" అని రాశాడు. డేటా బంగారంలా ఉంది! రెడ్ పడితే బైకులు సందుల్లోంచి జారి ముందు వరుసకు రావడం, బస్సు పక్కన ఆటో సగం లేన్‌లో దూరడం ఆయన చూసి ఉండడు. మన బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర గంటసేపు నిలబడ్డ మనిషికి పీసీయూ విలువ (ఒక్కో వాహనం ఎన్ని కార్లతో సమానమో చెప్పే లెక్క) ఎందుకు స్థిరంగా ఉండదో ఒకరు చెప్పాలా? అలాంటి పేపర్లు నాకివ్వండి అని అడుగు.

మారతహళ్ళి:
అన్నగారూ, పైన ఒక్కటి వదిలేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నది అక్కడ లేదంటారా? మా ల్యాబ్ వాళ్ళు ఒకే కమిటీలో నలుగురుండేవారు.

జయనగర్:
ఉంటుంది, ఎందుకుండదు. పేర్లు పంపేది ఛైరే కదా. కానీ పదవీకాలం ముగిస్తే దిగాల్సిందే, కాబట్టి కొత్తవాళ్ళకు చోటు వస్తూనే ఉంటుంది.

మారతహళ్ళి:
చెల్లెమ్మా, డబ్బు సంగతి కూడా విను. స్టాండింగ్ కమిటీ పనికి జీతం లేదు, ప్రయాణం ఖర్చు కూడా మనదే. ఫ్రెండ్‌గా చేరడం ఉచితమే గానీ జనవరి సభకు రిజిస్ట్రేషన్ ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌లో ట్రావెల్ గ్రాంట్ ఉందేమో ఇప్పుడే అడుగు. వీసా అనుమానాలు మా దగ్గర కాదు, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో తీర్చుకో. కోటు మాత్రం మంచిది కొనుక్కో, అది మన బెంగళూరు చలి కాదు.

బెళ్ళందూరు నుంచి, ప్రస్తుతం వర్జీనియా:
చాలా థాంక్స్ అన్నయ్యా, మీ ఇద్దరికీ. ఏసీపీ50లో ఫ్రెండ్‌గా చేరిపోయాను. కోఆర్డినేటర్‌కి మెయిల్ కూడా రాశాను: "మిశ్రమ ట్రాఫిక్ మీద ఎంటెక్ థీసిస్ చేశాను, నాలుగు పేపర్లు చూడగలను" అని. పంపనా?

జయనగర్:
నాలుగు తీసేసి రెండు అని రాయి. ప్రొఫెసర్‌ని సీసీలో పెట్టి, ఈ రాత్రికే పంపు.