అడగని ఫీచర్ ఉంచాలా, తీసేయాలా?

మడికొండ_డెవలపర్:
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ ఏజెంట్) దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. సేటు అడిగింది బస్తాల తూకం, ధర, హమాలీ కోత, తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింటు. అంతే. మా జూనియర్ తనంతట తానే ఇంకొకటి కలిపాడు: తూకం ఎంట్రీ సేవ్ కాగానే ఎంత వస్తుందో రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. బాగానే పనిచేస్తోంది. వచ్చే వారమే డెలివరీ. ఏం చేయమంటారు?

కాజీపేట_పీఎం:
ఉంచండి అన్నా. అడగనిది, అనుకోనిది చేతికొస్తే కస్టమర్ ఎంత సంబరపడతాడో జపాన్ క్వాలిటీ నిపుణుడు నోరియాకి కానో 1984లోనే చెప్పాడు. ఇక్కడ నచ్చితే పక్క దుకాణం వాళ్లూ మీ దగ్గరికే వస్తారు. ఫ్రీగా ఇస్తే వద్దనేదెవరు?

హన్మకొండ_టెస్టర్:
నేను ఒప్పుకోను. ఇది గోల్డ్ ప్లేటింగే, అంటే అడగని హంగులు అద్దడమే. పైగా ఫ్రీ కూడా కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపారం తరఫున ఇలా మెసేజ్‌లు పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదికలో ఆ సంస్థ పేరు, హెడర్ (పంపినవారి పేరుగా కనిపించే కోడ్), మెసేజ్ నమూనా రిజిస్టర్ చేయించాలి. అదంతా సేటు పేరు మీదే జరగాలి. మెసేజ్ చార్జీలూ ఆయనకే పడతాయి. అడగని ఖర్చు ఆయన నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

అసలు చిక్కు ఇంకోటుంది. మా బాపు అదే మార్కెట్‌లో గుమస్తా. మిర్చి సీజన్ రద్దీలో ముందు తూకాలు ఎక్కించేస్తారు, కోతలు తర్వాత సరిచూస్తారు. మీ మెసేజ్ మాత్రం సేవ్ నొక్కగానే పోతుంది. రైతు ఫోన్‌లో ఒక మొత్తం, చేతిలోని తక్‌పట్టీలో ఇంకో మొత్తం. కాంటా దగ్గర గొడవైతే నిలదీసేది సేటును, మీ జూనియర్‌ను కాదు. టెస్ట్ కేసులు రిక్వైర్‌మెంట్లను, అంటే కస్టమర్‌కు కావాల్సినవాటిని బట్టి రాస్తాం. రిక్వైర్‌మెంటే లేనప్పుడు ఇది బాగా పనిచేస్తోందని ఎలా తేల్చారు?

కానో మాట కూడా సగమే చెప్పారు. ఉన్నా లేకున్నా కస్టమర్‌కు పట్టనివి, ఉంటే చిరాకు పెట్టేవి కూడా ఆయన వర్గీకరణలో ఉన్నాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో కస్టమర్లనే అడిగి తేల్చుకోవడానికి ప్రశ్నావళి తయారుచేశాడు. మన ఊహకు వదిలేయలేదు.

మడికొండ_డెవలపర్:
మరి డేటా బ్యాకప్ కూడా సేటు అడగలేదన్నా. అదీ తీసేయాలా?

హన్మకొండ_టెస్టర్:
వద్దు తమ్మీ. అంతర్జాతీయ క్వాలిటీ ప్రమాణం ఐఎస్ఓ 9000 లెక్కన నోటితో చెప్పిందే రిక్వైర్‌మెంట్ కాదు. చెప్పకపోయినా ఎవరైనా ఆశించేదీ, తప్పనిసరిగా పాటించాల్సిందీ అందులోకే వస్తాయి. సీజన్ మధ్యలో కంప్యూటర్ పాడైతే లెక్కలు తిరిగి దొరకాలని ఏ సేటైనా అనుకుంటాడు. బ్యాకప్‌ను డాక్యుమెంట్‌లో చేర్చి, టెస్ట్ చేసి ఇవ్వండి. మెసేజ్ కోడ్ ఈ డెలివరీలోంచి తీసేసి, ఖర్చెంతో, ఎన్ని రోజుల పనో ఒక పేజీ రాసి సేటుకు చూపించండి. సరే అంటే చేంజ్ రిక్వెస్ట్‌గా, అంటే ఒప్పుకున్న పనికి అదనంగా తీసుకుని, డబ్బు మాట్లాడుకుని చేయండి. జూనియర్‌ను మాత్రం తిట్టకండి. ఆలోచన మంచిదే, ఆ పేజీ అతనితోనే రాయించండి.