ఐ20 ఎన్ లైన్ మొదటి గేరు పికప్: టైర్లు మార్చాలా, బయలుదేరే పద్ధతి మార్చాలా?

కోట జంక్షన్ (విజయనగరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నా బండి ఆరు గేర్ల మాన్యువల్ హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు. ఇంజను 998 సీసీ టర్బో, 120 పీఎస్ శక్తి, 172 న్యూటన్ మీటర్ల టార్క్, టైర్లు 195/55 ఆర్16 (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు). చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో మామూలు కార్లను కూడా అనుమతించే రోజు దొరికితే వెళ్ళాలని ఉంది. వారంటీ ఇంకా మిగిలి ఉన్నందున ఇంజను ట్యూనింగ్ జోలికి పోదలచుకోలేదు.

నిలిచిన చోటి నుంచి గట్టిగా బయలుదేరినప్పుడు ముందు చక్రాలు పట్టు వదిలి గిర్రున తిరుగుతున్నాయి. వెంటనే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే ఇంజను శక్తిని తగ్గించే ఏర్పాటు) దీపం వెలిగి, శక్తి తగ్గిపోయి, ఆ తర్వాతే బండి అందుకుంటోంది. టైర్లు ఎలాగూ అరిగి మార్చవలసిన దశకు వచ్చాయి. ఒక మిత్రుడు 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించమంటున్నాడు. టైర్ల షాపు వారు 205/50 ఆర్16 సరిపోతుందంటున్నారు. వెడల్పు పెంచితే నిజంగా పికప్ పెరుగుతుందా? క్లచ్ వదిలే పద్ధతిలో ఏమైనా మార్చుకోవాలా? అసలు ఎంత లాభం ఆశించవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మీ చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెబితే మిగతావి సులభంగా తేలుతాయి. టైర్లు, బయలుదేరే పద్ధతి రెండూ మీకు మొదటి గేరులో మాత్రమే ఉపయోగపడతాయి. ఆ పైన లెక్క పూర్తిగా ఇంజనుదే.

కాగితం మీద చూద్దాం. మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే చివరి పళ్ళ జత) నిష్పత్తులు రెండూ గుణిస్తే ఇలాంటి చిన్న టర్బో కార్లలో 14 దరిదాపుల్లో వస్తుంది కాబట్టి అదే తీసుకుంటాను. 172 న్యూటన్ మీటర్లను 14తో హెచ్చించి, 31 సెంటీమీటర్ల చక్రం వ్యాసార్ధంతో భాగించి, గేరుబాక్సులో పోయే పదో వంతు తీసేస్తే, ముందు చక్రాలు రోడ్డును వెనక్కి నెట్టే బలం సుమారు 700 కిలోలు. ఇప్పుడు రోడ్డు ఎంత బలాన్ని స్వీకరించగలదో చూడాలి. డ్రైవరుతో కలిపి బండి 1,150 కిలోలనీ, అందులో 62 శాతం ముందు చక్రాల మీద ఉందనీ అనుకుంటే, నిలిచి ఉన్నప్పుడు ముందు భారం సుమారు 710 కిలోలు. బయలుదేరగానే బండి వెనక్కి ఒరుగుతుంది. ఈ కారు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,580 మిల్లీమీటర్లు కాబట్టి గట్టి పికప్‌లో సుమారు 100 కిలోల భారం ముందు నుంచి వెనక్కి వెళ్ళిపోతుంది. మిగిలిన 600 కిలోల మీద మామూలు టైరు పొడి తారు రోడ్డుపై 0.85 ఘర్షణ గుణకంతో (మోసే భారంలో ఎంత వంతు పట్టుగా మారుతుందో చెప్పే సంఖ్య) పట్టుకుంటే రోడ్డుకు అందేది 510 కిలోల బలం మాత్రమే. మిగతాదంతా రబ్బరు కాలడానికి పోతుంది. ముందు చక్రాలతో నడిచే ప్రతి కారుకూ ఉన్న పరిమితే ఇది, మీ బండిలో లోపం కాదు.

మంచి రబ్బరుతో ఆ గుణకం 0.95కు పెరిగిందనుకోండి. అందే బలం 560 కిలోల వరకు వస్తుంది, గంటకు 45 కిలోమీటర్ల వేగం చేరడంలో సుమారు పావు సెకను మిగులుతుంది. మీరు ఆశించగలిగిన లాభం అంతే. సమయం కొలిచే చోట పావు సెకను చిన్నదేమీ కాదు కానీ, లారీని దాటేటప్పుడు 80 నుంచి 120కి వెళ్ళే పికప్‌లో దీని వల్ల ఏ మార్పూ ఉండదు. రెండో గేరులో మొత్తం నిష్పత్తి 8 దగ్గరికి దిగిపోతుంది కాబట్టి చక్రాల దగ్గర బలం 400 కిలోలే ఉంటుంది, దాన్ని పాత టైరు కూడా పొడి రోడ్డుపై మోయగలదు. అయితే రోడ్డు మీద సన్నని ఇసుక ఉన్నా, కోతల కాలంలో మన వైపు ధాన్యం ఆరబోసి ఎత్తేసిన తర్వాత మిగిలే పొట్టు, దుమ్ము ఉన్నా గుణకం 0.6కు పడిపోవచ్చు. అప్పుడు 380 కిలోలకే పట్టు తప్పుతుంది కాబట్టి రెండో గేరులో కూడా చక్రం జారుతుంది. ఒకే బండి ఒక ఊళ్ళో బాగా అందుకుని మరో ఊళ్ళో అందుకోలేదనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక సైజు విషయం. టైరు వెడల్పు కంటే రబ్బరు మిశ్రమం ముఖ్యమని నా అభిప్రాయం. గాలి ఒత్తిడి మారనంత వరకు, వెడల్పు పెంచితే రోడ్డును తాకే ముద్ర ఆకారం మారుతుందే తప్ప దాని వైశాల్యం పెద్దగా పెరగదు. 205/50 ఆర్16 వ్యాసం 611 మిల్లీమీటర్లు, మీ అసలు టైరు 621. అంటే ఒకటిన్నర శాతం చిన్నది. చక్రం చిన్నదైతే ప్రతి గేరులోనూ లాగుడు ఆ మేరకు పెరుగుతుంది, కానీ ప్రతి గేరూ ఆ మేరకు ముందే అయిపోతుంది. నేను అనుకున్న నిష్పత్తుల ప్రకారం 6,000 ఆర్‌పీఎం దగ్గర రెండో గేరు 88 కిలోమీటర్ల వద్ద ముగుస్తుంది, చిన్న టైరుతో 86 దాటగానే ముగుస్తుంది. 100 చేరడానికి ఎలాగూ మూడో గేరు వేయక తప్పదు కాబట్టి ఇక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు.

17 అంగుళాల చక్రాలు మాత్రం వద్దు. అవి తరచుగా బరువెక్కువ. అంచు దగ్గర చేరిన ప్రతి కిలో బండిని ముందుకు కదపడానికీ చక్రాన్ని తిప్పడానికీ రెండు వైపులా శక్తి తింటుంది కాబట్టి, లెక్కలో దాదాపు రెండు కిలోల వరకు బరువుతో సమానమవుతుంది. పైగా టైరు పక్కగోడ పొట్టిదైతే మన రోడ్ల గుంతల్లో రిమ్ము వంగడం ఖాయం.

నేనైతే 195/55 ఆర్16 లోనే ఉంటాను. పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ (అరుగుదలను తట్టుకునే గుణం) సంఖ్య ముద్రించి ఉంటే, 400 పైన ఉన్నది మన్నిక కోసం చేసినదనీ, 300 లోపు ఉన్నది పట్టు కోసం చేసినదనీ స్థూలంగా అనుకోవచ్చు. ఆ సంఖ్య ఎవరికి వారు వేసుకునేది కాబట్టి రెండు కంపెనీల మధ్య పోల్చడానికి అంతగా పనికిరాదు, ఒకే కంపెనీ మోడళ్ళ మధ్య పోల్చుకోండి. దాని పక్కనే ఉండే ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకు సంబంధించినది, పికప్‌ను సూచించదు. తయారీ తేదీని సూచించే నాలుగు అంకెలను కూడా షాపులోనే చూడండి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం. గోదాములో ఏళ్ళ తరబడి ఎండిన రబ్బరు ఎంత ఖరీదైనదైనా గట్టిపడి పట్టు తగ్గుతుంది.

కోట జంక్షన్

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ముందు చక్రాలకే పట్టు కావాలి కాబట్టి ముందు రెండు టైర్లు మాత్రమే మంచివి వేసి, పాత వాటిలో కాస్త మెరుగైన రెండింటిని వెనక ఉంచితే ఖర్చు సగమవుతుంది కదా? రెండో సందేహం, ముందు టైర్లలో గాలి తగ్గించమని కొందరు చెబుతున్నారు. ఎంత తగ్గించాలి?

నాగావళి గట్టు

ఆ పొదుపు చేయకండి. ముందు గట్టి పట్టు, వెనక అరిగిన రబ్బరు ఉన్న బండి తడి రోడ్డు మలుపులో వెనక భాగాన్ని పక్కకు తిప్పేస్తుంది. అందుకే రెండే టైర్లు కొంటే కొత్తవి వెనక వేయమని టైరు కంపెనీలే చెబుతాయి. మీకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం కాబట్టి నాలుగూ మార్చడమే దారి.

గాలి విషయానికి వస్తే, డ్రైవరు తలుపు దగ్గరి పట్టీపై రాసిన ఒత్తిడి నుంచి ముందు రెండింటిలో 2 లేదా 3 పీఎస్‌ఐ తగ్గించి చూడవచ్చు. అంతకు మించి తగ్గిస్తే పక్కగోడలు మెలిపడతాయి. అది కూడా ట్రాక్ దగ్గరికి చేరిన తర్వాతే. విజయనగరం నుంచి చెన్నైకి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా జాతీయ రహదారి 16 మీద గాలి తక్కువ టైర్లతో వెళ్తే అవి లోపల వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ నింపుకోవాలి కాబట్టి చిన్న గాలి పంపు, నమ్మకమైన గేజీ వెంట ఉంచుకోండి. కొత్త టైర్లు వేశాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అచ్చులో నుంచి తీసేటప్పుడు పూసిన పదార్థం అరిగిపోతే గానీ అసలు పట్టు రాదు.

పాత గ్యారేజీ (నరసన్నపేట)

బాబూ, టైర్ల గురించి పైన సరిగ్గానే చెప్పారు, నేను కాలు పని గురించి రాస్తాను. నా దృష్టిలో మీ ఇబ్బందిలో ఎక్కువ పాలు అక్కడే ఉంది.

టర్బో ఇంజను నిలిచి ఉన్నప్పుడు ఎంత రేజ్ చేసినా భారం లేదు కాబట్టి బూస్ట్ (టర్బో ఇంజనులోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) సరిగ్గా చేరదు. క్లచ్ పట్టుకుని భారం పడిన తర్వాతే టర్బో నిండుతుంది. అందుకే చక్రాలు క్లచ్ వదిలిన క్షణంలో కాక, బండి ఒక బారు దూరం కదిలిన తర్వాత తిరుగుడు పడతాయి. చాలామంది దీన్ని గమనించక మొదట తక్కువ రేజ్‌తో వదిలి, బండి కదలగానే యాక్సిలరేటర్ నేలకు తొక్కుతారు. సరిగ్గా బూస్ట్ వచ్చే వేళకు కాలు కింద ఉంటుంది, పట్టు పోతుంది. చేయవలసింది తలకిందులు. 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య నిలకడగా ఉంచి, క్లచ్‌ను పట్టుకునే చోటి వరకు త్వరగా తెచ్చి, అక్కడ అర క్షణం నిలిపి, బండి కదులుతుండగా మిగతాది మెత్తగా వదలాలి. ఆ వదిలే సమయంలో యాక్సిలరేటర్ సగం దాటకూడదు. క్లచ్ పూర్తిగా పట్టి, లాగుడు కుదురుకున్నాకే మిగతా సగం తొక్కాలి. కొయ్య పడవను ఒడ్డు నుంచి నీళ్ళలోకి నెట్టేవాడు మొదట భుజం ఆనించి, పడవ కదిలాకే బలమంతా పెడతాడు. ఇక్కడా వరస అదే.

చక్రం అసలు జారకూడదని కూడా అనుకోకండి. రోడ్డు వేగం కంటే చక్రం 10 నుంచి 15 శాతం ఎక్కువ తిరిగినప్పుడే రబ్బరు అత్యధిక పట్టు ఇస్తుంది. చెవికి అది సన్నని గీరుడులా వినిపిస్తుంది. అరుపుగా మారితే ఎక్కువైనట్లు. అప్పుడు కాలు పూర్తిగా తీయకుండా కొద్దిగా వెనక్కి తీసుకోవాలి. స్టీరింగ్ నిటారుగా ఉండాలి, చక్రం ఏ మాత్రం తిరిగి ఉన్నా ఉన్న పట్టులో కొంత పక్క బలానికి పోతుంది.

ముందు భాగం దడదడమని ఎగిరితే వెంటనే వదిలేయండి. చక్రం పట్టుకుంటూ వదులుతూ గంతులు వేస్తోందని అర్థం. ఇంజను మౌంటు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు అలాంటి చోటే పోతాయి. రెండు ప్రయత్నాల మధ్య బండిని నెమ్మదిగా కాసేపు నడిపిస్తే క్లచ్ చల్లబడుతుంది, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కూడా చల్లబడుతుంది. కాలిన వాసన వచ్చిందంటే ఆ రోజుకు ఆపేయడమే మేలు. క్లచ్ ప్లేటు మామూలు అరుగుదల వారంటీలోకి రాదు.

చంపావతి వంతెన (విజయనగరం జిల్లా)

పాత గ్యారేజీ గారు ట్రాక్షన్ కంట్రోల్ మాట చెప్పలేదు. చాలా కార్లలో ఆ మీటను ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే స్థిరత్వ నియంత్రణ (బండి అదుపు తప్పి పక్కకు జారకుండా ఆపేది) కూడా ఆగుతుంది. ట్రాక్‌లో మొదటిది చాలు, రెండోది ముట్టుకోవద్దు. రోడ్డు మీద అయితే రెండూ పనిచేస్తూనే ఉండాలి.

కొలత గురించి కూడా ఎవరూ రాయలేదు. స్పీడోమీటరు నిబంధనల ప్రకారమే అసలు వేగం కంటే ఎక్కువ చూపవచ్చు, తక్కువ మాత్రం చూపకూడదు. అందువల్ల మీటరు ముల్లు 100 తాకేసరికి నిజంగా 95 దగ్గర ఉండవచ్చు. టైరు చిన్నదైతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. చాలా ఫోన్ల జీపీఎస్ సెకనుకు ఒక్కసారే కొలత తీసుకుంటుంది కాబట్టి పావు సెకను తేడా దానికి కనబడనే కనబడదు. సెకనుకు పదిసార్లు కొలిచే పరికరం కావాలి. రోడ్డు వాలు, గాలి ప్రభావం పోవడానికి రెండు దిశల్లోనూ కొలిచి సగటు తీయాలి. విదేశీ పత్రికల సంఖ్యలతో మీవి పోల్చుకునేటప్పుడు, అమెరికాలో మొదటి అడుగు దూరాన్ని లెక్కలోంచి తీసేసే అలవాటు ఉందని గుర్తుంచుకోండి. అక్కడే 0.2 నుంచి 0.3 సెకను తేలిపోతుంది.

వాతావరణం కూడా చూడాలి. గాలి వేడి పది డిగ్రీలు పెరిగితే దాని సాంద్రత మూడు శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం తీసిన సమయాన్ని డిసెంబరు వేకువ సమయంతో పోల్చి, టైర్ల వల్లే మెరుగైందనుకుంటే లెక్క తప్పుతుంది.

కోట జంక్షన్

అందరికీ ధన్యవాదాలు. నాలుగు టైర్లూ పాత సైజులోనే తీసుకుంటాను. చెన్నై వెళ్ళేలోపు నాతవలస, రణస్థలం మధ్య తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం అభ్యాసం చేయవచ్చా?

పాత గ్యారేజీ

వద్దు బాబూ. ఆ వేళ అక్కడ ఒడిశా వైపు నుంచి వచ్చే లారీలు నిద్రమత్తులో ఉంటాయి, ఊళ్ళ దగ్గర పశువులు, పాల సైకిళ్ళు రోడ్డు దాటుతుంటాయి. ప్రజల రోడ్డు మీద పందెం, వేగ పరీక్ష మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, జైలు కూడా పడవచ్చు. మామూలు కారు బీమా పాలసీలు కూడా పందేలనూ వేగ పరీక్షలనూ మినహాయిస్తాయి. చెన్నై ట్రాక్‌కైనా ఆ మినహాయింపు వర్తిస్తుంది కాబట్టి వెళ్ళే ముందు మీ పాలసీ పత్రంలో ఆ పేరా చదవండి.

ఈలోగా చేయగలిగిన అభ్యాసం ఒకటుంది. చదునైన ఖాళీ స్థలంలో యజమాని అనుమతితో, యాక్సిలరేటర్ అసలు తొక్కకుండా క్లచ్ ఒక్కదానితోనే బండిని కదిలించడం నేర్చుకోండి. పట్టుకునే చోటు మీ కాలికి చూడకుండా తెలిసిపోవాలి. అది తెలిశాక 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, చక్రం జారకుండా, ఇంజను శబ్దం ఎక్కడా పడిపోకుండా వదలండి. వేగం పది, పదిహేను కిలోమీటర్లు దాటనవసరం లేదు. ట్రాక్ దగ్గర కొత్తగా నేర్చుకోవలసింది అప్పుడు యాక్సిలరేటర్ సంగతి ఒక్కటే మిగులుతుంది.