నీటిరంగుల చిత్రంలో మగవాళ్ల టోపీలకు ముసుగులెందుకు?

ప్రశ్న (విజయనగరం): మా తాతగారి ట్రంకుపెట్టెలో విక్టోరియా కాలపు నీటిరంగుల చిత్రం నకలు ఒకటి దొరికింది. అడుగున ‘డెర్బీ’ అని ఉన్నా పందెం ఎక్కడా కనబడదు; బండ్ల పైకప్పుల మీద కూడా కిక్కిరిసిన జనం, దుమ్ము, మగవాళ్ల టోపీలకు వేలాడే పల్చని ముసుగులు మాత్రమే ఉన్నాయి. ఇవి ఎందుకు?

జవాబు: అది లండన్ నుండి, డెర్బీ గుర్రప్పందెం జరిగే ఎప్సమ్ ఊరికి పోయే దారి అయి ఉండాలి. 1780లో మొదలైన ఆ పందెం నాడు, విక్టోరియా కాలంలో పార్లమెంటు సైతం సభను వాయిదా వేసుకునేది. సుమారు 24 కిలోమీటర్ల పొడవునా బండ్లు లేపే దుమ్ము కళ్లలో పడకుండా ఆ ముసుగులు కట్టుకునేవారు.

జవాబు (శ్రీకాకుళం): 1847లోనే ఎప్సమ్‌కు రైలు వచ్చినా, ప్రభువుగారి నాలుగు గుర్రాల బండి, కూరగాయలవాడి గాడిదబండి ఒకే వరుసలో ఇరుక్కునే దృశ్యం రోడ్డు మీదనే దొరుకుతుంది కదా! మీ ఊరి సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల కూడలి దగ్గర నిలబడిన మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇక దుమ్ము సంగతి: కాగితపు తెలుపును అక్కడక్కడ అలాగే వదిలేస్తే చాలు, నీటిరంగులకు ఉన్న సుఖమే అది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఒక టోపీ పట్టీలో చిన్న చెక్కబొమ్మ కూడా గుచ్చి ఉంది.

జవాబు: అలాగైతే వారు పందేనికి వెళ్లడం లేదు, తిరిగి వస్తున్నారు. మైదానంలో సంపాదించిన బొమ్మలను టోపీలకు గుచ్చుకుని ఇంటిదారి పట్టడం అక్కడ ఆనాటి ఆనవాయితీ.