ఎస్టిమేట్ మా బడ్జెట్‌ని 17 లక్షలు దాటింది, ఇంట్లో ఏ హంగులు వదిలేయాలి?

కరీంనగర్_కొత్తిల్లు:
200 గజాలు, తూర్పు ఫేసింగ్, జీ ప్లస్ వన్ కడుతున్నాం. లోన్‌తో కలిపి చేతిలో ఉన్నది 75 లక్షలు, ఎస్టిమేట్ 92కి పోయింది. రెండంతస్తుల ఎత్తుతో డబుల్ హైట్ హాలు, హాల్లో ఇటాలియన్ మార్బుల్, లిఫ్ట్, హోమ్ థియేటర్, బాత్‌టబ్, ఇల్లంతా ఫాల్స్ సీలింగ్, టేకు తలుపులు. ఇవీ మేం రాసుకున్నవి. ఏవి తీసేస్తే తర్వాత బాధపడం? పిల్లర్లు లేస్తున్నాయి, వచ్చే వారంలో స్లాబ్ డ్రాయింగ్ ఫైనల్ చేయాలి.

మధురవాడ_వాసి:
మీ లిస్టులో లేదు గానీ ఎలివేషన్‌కి పెద్ద అద్దాలు పెట్టిస్తుంటే మాత్రం ముందు అవి తీసేయండి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను రోజు, నలుగురం బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నాం. బయటికొచ్చి చూస్తే హాలు అద్దం మొత్తం సోఫాల మీద ఉంది. రెయిలింగ్ కూడా 304 గ్రేడ్ స్టీలు వేయించాం, సముద్రపు గాలికి ఏడాది తిరక్కుండా గోధుమ రంగు మచ్చలు వచ్చేశాయి. మా విశాఖ వైపు తుప్పు బాగా తట్టుకునే 316 గ్రేడ్ వేయాలని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు.

నిజాంపేట_గృహిణి:
ఇటాలియన్ మార్బుల్ వద్దండీ, చేతులెత్తి చెబుతున్నా. డైనింగ్ టేబుల్ కింద పిండేసిన నిమ్మచెక్క పడి రాత్రంతా ఉండిపోయింది. పొద్దున తీస్తే రూపాయి బిళ్లంత మేర మెరుపు పోయి, వేలితో రుద్దితే గరుగ్గా తగులుతోంది. పెరుగు, చింతపండు పులుసు, ఏది ఒలికినా అంతే. పనమ్మాయి ఒకసారి యాసిడ్‌తో తుడవబోతే గుండె ఆగినంత పనైంది. వంటలు చేసుకునే ఇంటికి గ్రానైట్ చాలు.

సైట్_ఇంజనీర్_22ఏళ్లు:
నేను 22 ఏళ్లుగా సైట్ల మీదే ఉన్నా, 140 ఇళ్లు నా చేతుల మీదుగా పూర్తయ్యాయి. లిఫ్ట్ తీసేయండి, రెండో మాట లేదు. ఒక్క అంతస్తు ఎక్కడానికి లిఫ్ట్ ఏంటండీ? పోయినేడు మా సైట్‌లో షాఫ్ట్ గోడలతో కలిపి 13 లక్షలయింది, ఆపైన ఏటేటా మెయింటెనెన్స్. అదొక్కటి తీస్తే మీ సమస్య ముప్పావు వంతు తీరిపోతుంది.

గుంటూరు_కోడలు:
లిఫ్ట్ హంగు అని ఎవరు చెప్పారు సార్ మీకు? 2019లో కట్టాం, మాక్కూడా మీలాంటి ఇంజనీరే వద్దన్నారు. రెండేళ్లకి మా అత్తయ్యకి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ దిగేవాళ్లు, మలుపు దగ్గర కుర్చీ వంగినప్పుడల్లా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకునేది. ఆ మెట్లు చూస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

సైట్_ఇంజనీర్_22ఏళ్లు:
బాధాకరమే మేడమ్. కానీ పెద్దవాళ్ల బెడ్‌రూమ్ కింద ఇవ్వాలి, అది ప్లానింగ్ లోపం. లిఫ్ట్ లేకపోవడం లోపం కాదు.

గుంటూరు_కోడలు:
కింద పోర్షన్ అద్దెకిచ్చాం, ఆ అద్దెతోనే ఈఎంఐ కడుతున్నాం! అందరికీ రెండు అంతస్తులూ సొంతానికి వాడుకునే స్తోమత ఉంటుందా? 140 ఇళ్లు కట్టారు సరే, అందులో ఒక్క ఇంట్లోనైనా మంచాన పడ్డ మనిషిని చూసుకున్నారా?

సైట్_ఇంజనీర్_22ఏళ్లు:
మాట జారకండి మేడమ్. మా నాన్నని నాలుగేళ్లు చూసుకున్నాం, కింది గదిలోనే. అడిగినవాళ్లకి అనుభవంతో చెప్పాను.

మధురవాడ_వాసి:
తుపాను తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు లిఫ్ట్ ఉండి ఏం లాభం?

గుంటూరు_కోడలు:
కరెంటు పోతే దగ్గరి అంతస్తుకి తెచ్చి తలుపు తీసే బ్యాటరీ ఏర్పాటు ఉంటుందండీ, తెలుసుకుని మాట్లాడండి. ఎప్పుడో ఒకసారి వచ్చే తుపాను కోసం మిగతా రోజులన్నీ మెట్లు ఎక్కించాలా?

ఖమ్మం_రైతుబిడ్డ:
అక్కా, సారూ, ఇద్దరూ కాస్త శాంతించండి. మా ఇంట్లో ఏం చేశామో చెబుతా. తర్వాతెప్పుడైనా లిఫ్ట్ పెట్టుకోవడానికి ఐదడుగులకు ఐదడుగుల చోటు, కిందా పైనా ఒకే వరసలో వదిలాం. చుట్టూ నాలుగు బీములు వేయించి మధ్యలో మామూలు స్లాబే పోయించాం. ప్రస్తుతానికి కింద సామాన్ల గది, పైన బీరువా. రేపు అవసరమైతే ఆ మధ్య ముక్క ఒక్కటే కోస్తారు. అడుగున గొయ్యి కూడా ఇప్పుడే కట్టించి పైన బండలు పరిపించాం, త్రీఫేజ్ వైరుకి ఖాళీ పైపు వేశాం. లిఫ్ట్ ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటిది?

డల్లాస్_తెనాలి:
నేను అమ్మానాన్నల కోసం తెనాలిలో కట్టించా, అన్నీ వీడియో కాల్‌లో చూసి ఓకే చేశా. డబుల్ హైట్ హాలు నా పట్టుదలే. ఇప్పుడు వేడంతా పైకి చేరి, పైగదులు ఏప్రిల్ నుంచే కాగుతాయి, కింద ఏసీ వేస్తే చల్లదనం నిలవదు. సంక్రాంతికి బూజులు దులపాలంటే పెయింటర్ల దగ్గర్నుంచి స్టాండు అద్దెకి తేవాలి. పోయినసారి వెళ్లినప్పుడు చూస్తే ఇద్దరూ మంచం, టీవీ, పూజ పటాలు అన్నీ వంటింటి పక్క చిన్న గదిలోకి చేర్చుకున్నారు. అంత పెద్ద హాల్లో వడియాలు ఆరబెట్టుకుంటున్నారు. హోమ్ థియేటర్ అసలు కట్టకండి బ్రదర్.

తాండూరు_రాయి:
ఇటాలియన్ ఎందుకు, మా నాపరాయి వేయండి. చల్లగా ఉంటుంది, నిమ్మకాయకి కూడా ఏమీ కాదు.

సైట్_ఇంజనీర్_22ఏళ్లు:
తప్పు. నాపరాయి కూడా సున్నపురాయే, పులుపు పడితే మచ్చ పడుతుంది. భయం లేకుండా ఉండాలంటే గ్రానైటే, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అయినా సరే.

తాండూరు_రాయి:
మా తాతల నాటి ఇంట్లో ఇప్పటికీ అవే బండలు, కావాలంటే వచ్చి చూడండి.

నల్గొండ_బోరు:
బాత్‌టబ్ గురించి ఎవరూ మాట్లాడలేదే. బోరు నీళ్లయితే ఆరు నెలల్లో తెల్లటి ఉప్పు పేరుకుపోతుంది, రెయిన్ షవర్ రంధ్రాలు నేను పిన్నీసుతో పొడిచి తీస్తున్నా. ఆ డబ్బు మేడ మీద సోలార్‌కి పెట్టండి, కేంద్రం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఇస్తున్నారు.

కరీంనగర్_కొత్తిల్లు:
అందరికీ థ్యాంక్స్. డబుల్ హైట్, థియేటర్, టబ్ తీసేశాం. మార్బుల్ విషయంలో మా ఆవిడ నిమ్మచెక్క సంగతి చదివి తనే వద్దంది. అమ్మకి 61, మోకాళ్ల నొప్పులు ఇప్పుడే మొదలయ్యాయి. ఖమ్మం అన్నా, గొయ్యి ఎంత లోతు తీయించారు?

ఖమ్మం_రైతుబిడ్డ:
లిఫ్ట్ రకాన్ని బట్టి మారుతుంది తమ్ముడూ. ముందు రకం ఖాయం చేసుకుని వాళ్ల డ్రాయింగ్ తీసుకో, తర్వాతే తవ్వించు.

సైట్_ఇంజనీర్_22ఏళ్లు:
ఆ చోటు ప్లాన్‌లో ఉంటే నాకూ అభ్యంతరం లేదు. స్ట్రక్చరల్ ఇంజనీరుతో బీములు వేయించుకోండి, మేస్త్రీ మాట మీద వదలొద్దు.

నిజాంపేట_గృహిణి:
ఇంతకీ ఆ మచ్చ పోవాలంటే ఏం చేయాలో ఎవరికైనా తెలుసా? హాలంతా మళ్లీ పాలిష్ పట్టించాలా, ఆ ఒక్క చోట చాలా?