అప్‌డేట్: ప్రార్థన రావట్లేదని అడిగింది నేనే

నాన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ప్రార్థనకు కూర్చుంటే మాట రావట్లేదని, విశ్వాసం పోయిందేమోనని నెల క్రితం అడిగాను. మీలో ఒకరు బైబిల్లోని 88వ కీర్తన చదవమన్నారు. చదివాను. అది చీకటే తనకు చుట్టమైందంటూ ముగుస్తుంది, ఓదార్పు మాటే లేదు! అయినా అదీ ప్రార్థనేగా అనిపించి ఏడ్చేశాను. ఇప్పుడు రాత్రిళ్లు నాన్న పక్కన 13వ కీర్తన చదువుతున్నా. ఆరే వచనాలు, అందులో ‘ఎంతకాలం’ అని నాలుగుసార్లు అడుగుతాడు దావీదు. నిన్న నేను ఆగిపోతే నాన్న ఎడమ చేత్తో పేజీ మీద తట్టారు, చదవమని. కుడి చెయ్యి ఇంకా కదల్లేదు. ఫిజియోథెరపీ నడుస్తోంది. టెన్షన్ పోలేదు కానీ నిద్ర పడుతోంది. అందరికీ వందనాలు.