గండికోటకు ‘ఇండియా గ్రాండ్ కేన్యన్’ అనే పేరు అవసరమా?

పెన్నాగట్టు:
మొన్న ఆదివారం గండికోటకు పోయొచ్చినా. నలుగురు పిల్లోళ్లు లోయ అంచున ఫోటోలు దిగి, ‘కేన్యన్ అయిపోయింది, ఇంక బేలం గుహలకు పోదాం పాండి’ అని కారెక్కినారు. వచ్చేటప్పుడు జామియా మసీదు పక్కనుంచే నడిచొచ్చినారు. ధాన్యాగారం వైపు తలన్నా తిప్పలేదు. మాధవరాయ స్వామి గుడి గోపురం ఆడుందనే తెలీదు వాళ్లకు. గండి అంటేనే నది కొండను కోసుకొని పోయిన సందు. గండి మీద కోట, అందుకే గండికోట. ఊరి పేరులోనే అంతా ఉండగా అమెరికా పేరు తగిలించేది దేనికి?

హైవే_రాముడు:
అన్నా, ఆ పేరు తగిలించినాకే గదా జనం వచ్చేది? పదిహేనేళ్ల కిందట జమ్మలమడుగులో ఆటో అడిగితే, ‘ఆడేముంది సార్, రాళ్లు’ అన్నాడు డ్రైవరు. ఇప్పుడు అదే దారిలో టీ బంకులు, లోయ దగ్గర గుడారాలు. పేరు అరువుదే, వచ్చే డబ్బులు అరువువి కాదు.

రాళ్లపిచ్చి:
డబ్బుల సంగతి మీరు తేల్చుకోండి, పోలిక మాత్రం తప్పు. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ లోయ లోతు ఒకటిన్నర కిలోమీటరుకు పైనే. ఇక్కడ 300 అడుగులు, అటూ ఇటూగా. ఆ పేరు విని వచ్చినవాడు ‘ఇంతేనా’ అనుకునే ప్రమాదం ఉంది. ఇంకోటి, నెట్‌లో ఎక్కడ చూసినా ‘ఎర్ర గ్రానైట్ గోడలు’ అని రాసేస్తున్నారు. అది గ్రానైట్ కాదండీ, క్వార్ట్‌జైట్. ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. భూగర్భ శాస్త్రంలో ఆ పొరకు ఈ ఊరి పేరే పెట్టారు, గండికోట క్వార్ట్‌జైట్ అని! బేలంలో ఉన్నది సున్నపురాయి, నీటికి కరుగుతుంది, కరిగి గుహలయ్యాయి. ఇది కరగదు. నెర్రెల వెంట పగిలి దిమ్మెలుగా ఊడిపడుతుంది. ఫోటోల్లో ఎవరో పేర్చిపెట్టినట్టు కనిపించేది అందుకే. ఈ ముక్క చెప్పడానికి కేన్యన్ దాకా పోనక్కర్లేదు.

కొండాపురం_కోడలు:
నాకు పేరుతో పేచీ లేదు. ఎగువన గండికోట రిజర్వాయరులో తాళ్లప్రొద్దుటూరు మునిగింది, మా మేనత్త వాళ్ల ఊరు. మీ అందరికీ గండికోట అంటే లోయ. మా ఇంట్లో గండికోట అంటే ఆ నీళ్లే.

పెన్నాగట్టు:
అక్కా, ఆ మాట నాకు తట్టనే లేదు. చూడు రాముడూ, నేననేది ఇదే. ఒక్క పేరు పెడితే ఒక్క ఫోటోనే మిగులుతాది. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే ఇంత దూరం వచ్చింది లోయ చూసేదానికి కాదు, కోటలో ఉన్న గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాను కలిసేదానికి.

హైవే_రాముడు:
ఆ సంగతి కోటలో ఏ బోర్డు మీదన్నా ఉందా అన్నా? పిల్లోళ్లను తిడితే ఏమొస్తాది? చెప్పేవాడు లేకుంటే ధాన్యాగారం కూడా వాళ్లకు పాత గోడౌనే.

పెన్నాగట్టు:
నాకైతే కనపళ్లేదు. ఈసారి వెతుకుతాలే. నా ఫోటోల కింద మాత్రం కేన్యన్ అని రాసేది లేదు.

హైవే_రాముడు:
రాయొద్దులే. నేను రాస్తా. లైకులు ఎవరికొస్తాయో చూద్దాం.